యాభై దాటాక ఓనమాలు

మన శాస్త్రాలు చదువరిని గుమ్మంలోనే ఆపుతాయి. సదానందుడి వేదాంతసారం తెరిస్తే, తత్త్వం మొదలుకాక ముందే నాలుగు సంగతులు తేల్చుకోమంటుంది. ఈ చదువుకు అధికారి ఎవరు, విషయమేమిటి, గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటి, చివరికి ప్రయోజనమేమిటి. అనుబంధ చతుష్టయమని దీనికి పేరు. ప్రయోజనం కనబడకపోతే మందమతి కూడా పనిలోకి దిగడని కుమారిలభట్టు అన్న మాట పండితుల నోళ్ళలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సబబైన ప్రశ్నలే. చదువు పేరుతో ఆయుష్షు వృథా చేసుకోవద్దని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

కానీ యాభై దాటిన మనిషి కొత్త భాష నేర్చుకుందామని బయలుదేరితే ఆ నాలుగింట్లో రెండు అడ్డం పడతాయి. అధికారి, ప్రయోజనం. నువ్వెవరు, నీకెందుకు?

మాది కదిరి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆరో తరగతికొచ్చినా ఒత్తులు సరిగా రాయలేని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఇప్పుడు జపనీస్ నేర్చుకుంటున్నాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి స్టాఫ్ రూములో అడిగేది ఒకటే. "ఏంటికి మేడమ్ ఈ వయసులో మీకు? పిల్లోళ్ళేమన్నా ఆడ ఉండారా?" మా వాళ్ళెవరూ జపాన్‌లో లేరు. నేను అక్కడికి పోయి ఉద్యోగం చేయబోవడమూ లేదు. ఆ మాట చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో అనుమానం కనిపిస్తుంది, ఏదో దాస్తున్నానని.

వాళ్ళను తప్పుపట్టను. మాది కరువు సీమ. వానాకాలం, ఎండాకాలం తేడా తెలియని ఏళ్ళు చూసిన ఊళ్ళు ఇవి. ఇక్కడ ఏ చదువైనా ముందు కూడు పెట్టాలి. ఆ లెక్క చూసుకోకుండా బతికే వెసులుబాటు మా నాన్న తరానికి లేదు. కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. నేను దానికి నిజాయితీగా సమాధానం వెతుక్కోవాలి.

నాకు దారి చూపింది పతంజలి. మహాభాష్యం మొదట్లోనే వ్యాకరణం ఎందుకు చదవాలన్న ప్రశ్న వేసుకుని ఆయన ప్రయోజనాలు లెక్కపెట్టాడు. వేదాన్ని కాపాడుకోవడానికి, సందర్భాన్ని బట్టి మంత్రంలో విభక్తులు మార్చుకోవడానికి, తేలికగా నేర్చుకోవడానికి, సందేహాలు తీరడానికి. ఆ వరుసలోనే ఆగమం అని ఇంకొకటి ఉంది. దానికింద ఆయన ఉదహరించిన శాస్త్రవాక్యం చెప్పేది, షడంగాలతో వేదాన్ని ఏ కారణమూ లేకుండానే చదవాలని. ప్రయోజనాల పట్టికలో నిష్కారణం కూడా ఒక ప్రయోజనమై కూర్చుంది! ఇది పొరపాటున జరిగిందని నేననుకోను. లాభాలన్నీ లెక్కవేసినా చదువును పూర్తిగా సమర్థించలేమని ఆ మహావ్యాకర్తకు తెలుసు. కొంత భాగం ఎప్పుడూ లెక్కకు బయటే ఉండిపోతుంది.

అయితే ఆ వాక్యంలో ఒక కంచె ఉంది. నిష్కారణంగా చదవాల్సింది బ్రాహ్మణుడని అది చెబుతుంది. మిగతావాళ్ళ సంగతి లేదు. ఆడవాళ్ళ సంగతి అసలే లేదు. చిన్నతనంలో మా వీధిలో ఒక పెద్దాయన సాయంత్రాలు పిల్లలకు నమకం చెప్పేవారు. అరుగు పక్కన నిలబడి వినేదాన్ని. ఒకరోజు ఆయన తల తిప్పి, "ఆడపిల్లవు, నీకు అధికారం లేదమ్మా, ఇంటికి పో" అన్నారు. కోపంగా కాదు, ఎండలో నిలబడొద్దన్నట్టు మెత్తగా. ఆ తర్వాత సంస్కృతం చదివాను, భాషాప్రవీణ అయ్యాను. స్వరంతో వేదం మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

అందుకే పుట్టపర్తిలో చూసిన ఒక పుస్తకం నన్ను వదలలేదు. కదిరికి పుట్టపర్తి దగ్గర. 2022లో జిల్లాలు మారినప్పుడు మా జిల్లా కేంద్రం కూడా అదే అయింది. అక్కడి సత్యసాయి ఆశ్రమం ప్రశాంతి నిలయానికి జపాన్ భక్తులు వస్తూ ఉంటారు. అక్కడ వేదపఠనంలో ఆడవాళ్ళు కూర్చుంటారు, విదేశీయులు కూర్చుంటారు. ఒక ఉదయం పఠనం అయ్యాక, నా పక్కన కూర్చున్న పెద్ద వయసు జపాన్ ఆవిడ తన నోటుపుస్తకం నాకు చూపించింది. రుద్రం మొత్తం కతకానా లిపిలో రాసుకుంది. ఆ లిపిలో ర, ల వేరు వేరుగా లేవు, రెంటికీ ఒకటే అక్షరం. అందుకని ల పలకాల్సిన చోటల్లా అక్షరం నెత్తిన పెన్సిలుతో చిన్న సున్న పెట్టుకుంది. దీర్ఘం ఉన్నచోట అడ్డగీత. అనుదాత్తానికి కింద ఎర్రగీత, స్వరితానికి పైన నిలువుగీత. పుటల అంచులు చెమటకు మెత్తబడి ఉన్నాయి. వచ్చీరాని ఇంగ్లీషులో తన ఉచ్చారణ విని చెప్పమంది. విన్నాను. ళ దగ్గరా, ష దగ్గరా సరిచేశాను. స్వరం దగ్గర మాత్రం నేనేమీ చెప్పలేకపోయాను. అది ఆమెకు తెలుసు, నాకు తెలియదు.

మా వీధిలో నాకు లేదన్న అధికారం క్యోటో నుంచి వచ్చిన ఈవిడకు ఎక్కడిది? పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరో ఇచ్చిందీ కాదు. ఆ పెన్సిలు సున్నలు పెట్టుకుంటూ పోగా వచ్చింది. అర్హత అనేది చదువుకు ముందు ఉండి తీరాల్సింది కాదని, చదువులోంచే పుట్టుకొస్తుందని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. ఇదే కదిరి పక్కన, గాండ్లపెంట మండలం కటారుపల్లిలో సమాధి అయిన వేమన జీవితమంతా పోట్లాడింది ఈ పుట్టుక అర్హత మీదే. అభ్యాసంతో పని సమకూరుతుందని ఆయన చెప్పిన పద్యం మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ పద్యంలో కులం ఊసు లేదు, వయసు ఊసు కూడా లేదు.

ఆ జపాన్ ఆవిడ మన అక్షరాన్ని తన అక్షరంలోకి ఎలా మోసుకుపోయిందో ఆమెవైపు నుంచి చూడాలనిపించింది. జపనీస్ మొదలుపెట్టడానికి నాకున్న కారణం ఇంతే. ఎందుకని అడిగేవాళ్ళకు ఇది చెప్పడం కష్టం.

క్లాసు ఎంచుకోవడం సులువుగా జరగలేదు. కదిరిలో స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే ఉన్నాయి. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వారి విదేశీ భాషల పాఠశాల ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ నేర్పి ఎందరో పేదింటి పిల్లలకు ఉద్యోగాల దారి చూపింది. కానీ నాకు కావలసింది జపనీస్, అదీ బడి పని అయ్యాక. మిగిలింది బెంగళూరు. గోరంట్ల, కొడికొండ మీదుగా బస్సెక్కితే పూట ప్రయాణం. బెంగళూరులో జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి కనుక క్లాసులూ చాలా ఉన్నాయి. ఫోను చేసిన ప్రతిచోటా మొదటి నిమిషంలోనే పాత గుమ్మం ప్రశ్నలు ఎదురొచ్చాయి. ఏజ్ ఎంత మేడమ్? ఎన్-5 పరీక్షకా, ఎన్-4 దాకానా? వీసా ఎప్పటికి? ఒకచోట వయసు చెప్పగానే, మీ అబ్బాయిని పంపండి మేడమ్ అన్నారు.

ఫోనులో యాప్ పెట్టుకుని నేర్చుకోవచ్చని కొందరు చెప్పారు. కొన్నాళ్ళు అలా కూడా చూశాను. ముద్దుగా బొమ్మలు వస్తాయి, గంట మోగుతుంది, అక్షరాలు గుర్తుంటాయి. కానీ నా నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని విని ముఖం చిట్లించే మనిషి అందులో లేదు. నా వృత్తి నాకు నేర్పిన సంగతి ఇది. పిల్లవాడు తప్పు చదివిన క్షణంలో ఆపాలి. ఆ క్షణం దాటితే తప్పు నోటికి అలవాటైపోతుంది. మన సంప్రదాయం శ్రవణాన్ని మొదట పెట్టింది ఊరికే కాదు. వినడమంటే గురువు చెప్పింది శిష్యుడు వినడం ఒక్కటే కాదు, శిష్యుడు పలికింది గురువు వినడం కూడా. వేదాన్ని ఇన్ని వందల ఏళ్ళు అక్షరం జారకుండా మోసింది ఆ రెండో వినికిడి.

కాబట్టి ఫీజు, సర్టిఫికెట్, ఎన్ని నెలల్లో ఎన్ని లెవెల్స్ అన్నవి పక్కన పెట్టి, ప్రతిచోటా ఒక్క డెమో క్లాసు అడిగి కూర్చున్నాను. టీచరు ఎంతసేపు మాట్లాడుతున్నారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడుతున్నారు అన్నదే చూశాను. ఒకచోట గంటంతా స్లైడ్లు తిరిగాయి. పరీక్షలో ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో చెప్పారు. చివరికి కుదిరింది ఒసాకాలో కొన్నేళ్ళు ఉండి వచ్చిన ఒక కన్నడ ఆవిడ నడిపే చిన్న బ్యాచ్. సాయంత్రాలు ఆన్‌లైన్, అప్పుడప్పుడు ఆదివారం బెంగళూరులో ఎదురెదురుగా. ఆమె ఎవరినీ తిట్టరు, ఎవరినీ మెచ్చుకోరు. "మో ఇచిదో" అంటారు, ఇంకొక్కసారి అని. మళ్ళీ చదవాలి. అదే వాక్యం, అదే చోట, సరిగ్గా వచ్చేదాకా.

అక్షరాలు మొదలుపెట్టిన వారంలో నాకొక ఆనందం దక్కింది. అ ఇ ఉ ఎ ఒ. క స త న హ మ య ర వ. హిరగానా పట్టిక ఈ వరుసలో నడుస్తుంది. మన వర్ణమాల చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి ఆగకుండా ఉండలేరు. స ఉన్నచోట ఒకప్పుడు చకారానికి దగ్గరి ధ్వని, హ ఉన్నచోట పకారం ఉండేవని భాషా చరిత్రకారులు చెబుతారు. అలా చూస్తే క చ త న ప మ య ర వ. మనదే. పోలిక కాకతాళీయం కాదు. జపాన్ బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్నారు, ఆ శిక్షాశాస్త్రం నుంచే తమ అక్షరాలకు ఈ వరుస కుదుర్చుకున్నారు. పదకొండో శతాబ్దం నాటికే ఈ అమరిక కనిపిస్తుంది. షింగోన్ సంప్రదాయాన్ని స్థాపించిన కూకాయ్ 804లో ఓడెక్కి చైనా వెళ్ళినప్పటికి ముప్ఫై దాటినవాడు. చాంగాన్ నగరంలో ప్రజ్ఞుడనే భిక్షువు దగ్గర సంస్కృతం ఓనమాలు దిద్దాడు. అంతకు ముందే 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు జపాన్ చేరి, 752లో నారాలోని తోదాయ్‌జీ మహాబుద్ధుడి నేత్రోన్మీలనం చేశాడు. నాగార్జునుడి పేరు మనకు కొండగా, సాగరంగా మిగిలింది. అక్కడ ర్యూజు పేరుతో ఆయన్ను నేటికీ గురుపరంపరలో కొలుస్తారు. జోదో షిన్షూ బౌద్ధ శాఖవారి ఏడుగురు ఆచార్యుల్లో ఆయనే మొదటివాడు.

వాక్యం కట్టు కూడా పరాయిగా అనిపించలేదు. క్రియ చివరికొస్తుంది. విభక్తి నామం వెనక చేరుతుంది. పెద్దవాళ్ళతో ఒక క్రియారూపం, తోటివాళ్ళతో ఇంకొకటి. ఇంగ్లీషు నేర్చుకున్నప్పుడు తలకిందులు చేసుకున్న వాక్యం ఇక్కడ నిటారుగా నిలబడింది. కష్టమంతా చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాల దగ్గరే. వాడుకకు ప్రభుత్వం నిర్ణయించిన పట్టికలోనే 2,136 ఉన్నాయి. వాటిలో మొదటి మెట్టు మీదే నేనింకా ఉన్నాను.

ఇక్కడే ఒక జెన్ ఆచార్యుడితో నాకు పేచీ ఉంది. పదమూడో శతాబ్దపు దోగెన్ బెందోవా అనే రచనలో సాధన వేరు, సిద్ధి వేరు కాదంటాడు. మొదటిసారి ధ్యానానికి కూర్చున్నవాడి సాధనలోనే బోధి నిండుగా ఉందంటాడు. వినడానికి ఎంతో ఊరటగా ఉంటుంది, ముఖ్యంగా యాభై దాటి మొదలుపెట్టినవాళ్ళకు. ధ్యానం విషయంలో అది నిజం కావచ్చు. భాష విషయంలో నేనొప్పుకోలేను. భాషలో ఎదుట ఇంకొక మనిషి ఉన్నాడు. నేను పలికింది అతనికి అర్థమైందా లేదా అన్న పరీక్ష ఒకటుంది. నా మనసులో ఎంత నిండుదనం ఉన్నా, అతను తెల్లబోయి చూస్తే నాకింకా రాలేదనే లెక్క.

నాకు ఛాందోగ్యంలోని ఇంద్రుడు దగ్గరివాడు. ఆత్మను తెలుసుకోవాలని ఇంద్రుడూ విరోచనుడూ సమిధలు పట్టుకుని ప్రజాపతి దగ్గరికి వెళ్ళారు. ముప్ఫై రెండేళ్ళ బ్రహ్మచర్యం తర్వాత ప్రజాపతి మొదటి పాఠం చెప్పాడు, నీళ్ళలో కనిపించే రూపమే ఆత్మ అని. విరోచనుడు తృప్తిపడి ఇంటికి పోయి తనవాళ్ళకు అదే బోధించాడు. ఇంద్రుడికి సగం దారిలో అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగాడు, మళ్ళీ చేతిలో సమిధలతో. అలా తిరిగి తిరిగి మొత్తం నూటొక్క ఏళ్ళు శిష్యుడిగా ఉన్నాడని ఉపనిషత్తు చెబుతుంది. అతను దేవతల రాజు. అప్పటికే పదవి ఉంది, పేరు ఉంది. తెలియనివాడిగా మళ్ళీ గుమ్మంలో నిలబడటానికి అవేవీ అడ్డు రానివ్వలేదు. పెద్దవయసులో చదువుకు కావలసిన అసలు అర్హత ఇదొక్కటే అనుకుంటాను. వచ్చింది చాలనుకుని ఇంటికి పోయే విరోచనుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. తిరిగొచ్చే ఇంద్రుడు అరుదు.

మరి ప్రయోజనం? నా బ్యాచ్‌లో నర్సింగ్ చదివిన అమ్మాయిలున్నారు. ఒకమ్మాయిది తనకల్లు వైపు పల్లె. జపాన్‌లో నూటికి ఇరవై తొమ్మిది మంది అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళు. వాళ్ళను చూసుకునే చేతులు చాలక 2019 నుంచి ఆ దేశం నైపుణ్య కార్మికులకు కొత్త రకం వీసా ఇస్తోంది. వృద్ధుల సేవ అందులో ఒక విభాగం. ఈ పిల్లలకు భాషా పరీక్ష తప్పితే వీసా లేదు, వీసా లేకపోతే ఇంట్లో అప్పు తీరదు. నిష్కామ కర్మ గురించి వాళ్ళ దగ్గర మాట్లాడే హక్కు నాకు లేదు.

ఒకరోజు పాఠంలో పెద్దవాళ్ళను పిలవడం నేర్పుతున్నారు. ఒబసాన్ అంటే అత్త వరస, ఒబాసాన్ అంటే అవ్వ. మధ్యలో తేడా ఒక్క దీర్ఘమే. హ్రస్వదీర్ఘాలు పాలతో పాటు నేర్చుకున్న తెలుగు నోటికి అది చిటికెలో పట్టుబడింది. తర్వాతి వాక్యాలు వచ్చాయి. నొప్పిగా ఉందా? నీళ్ళు వెచ్చగా ఉన్నాయా? మెల్లగా లేపుతాను. తనకల్లు అమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా చదువుతుంటే నేను వింటూ ఉండిపోయాను. ఆ అమ్మాయి కోరిన ఫలం జీతం. అందులో దాపరికం లేదు. కానీ ఆ వాక్యాలు ఏదో ఒక రాత్రి ఎవరో తెలియని అవ్వ దగ్గర పలకాల్సినవి. ఫలాపేక్షతో మొదలైన చదువు ఇంకొకరి నొప్పి దగ్గరికి వెళ్ళి నిలుస్తుంది. దీన్ని నిష్కారణమైన నా చదువుకన్నా తక్కువనడానికి నాకు నోరు రాదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు మొదలుపెట్టింది వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర, కంపెనీ కొలువు కోసం. భాషా పరీక్ష పాసైతేనే ఉద్యోగం. 1820లో కడపకు వచ్చాడు. కదిరి తాలూకా అప్పుడు కడప జిల్లాలోనిదే, 1910లో గాని అనంతపురంలో కలవలేదు. ఉద్యోగం కోసం పట్టిన భాష ఆయన్ను వదల్లేదు. 1829కి వేమన పద్యాలు అచ్చులోకి తెచ్చాడు, 1852కి నిఘంటువు వచ్చింది. ఏ కొలువు నిబంధనా ఆయన్ను అంతదూరం నడవమనలేదు. ప్రయోజనంతో లోపలికి వచ్చినవాడు ప్రయోజనాన్ని దాటిపోయాడు. నిష్కారణంగా వచ్చిన నేను ఈ అమ్మాయిల పక్కన కూర్చుని ప్రయోజనం విలువ తెలుసుకుంటున్నాను.

గీత రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకాన్ని ఫలం కోరకూడదని చెప్పే మాటగా చాలామంది తీసుకుంటారు. మా నాన్న తొలకరికి శెనక్కాయ విత్తేవాడు. ఫలం కోరకుండా ఏనాడూ విత్తలేదు. ఆకాశం కేసి చూస్తూనే గుంటక తోలేవాడు, కలుపు తీసేవాడు. వాన తన చేతిలో లేదని తెలిసి కూడా తన చేతిలో ఉన్న పనిని సగంలో వదలలేదు. ఆ శ్లోకానికి అంతకు మించిన వ్యాఖ్యానం నేను చదవలేదు. కోరిక ఉండొచ్చు. దాని పేరు చెప్పి పని ఆపకూడదు, పని మొదలుపెట్టేవాడిని గుమ్మంలో ఆపకూడదు.

అందుకే చదువు చెప్పే సంస్థలవాళ్ళకు నా విన్నపం. ఫోను ఎత్తగానే వయసు, వీసా అడగకండి. ముందు ఒక గంట కూర్చోనివ్వండి. కదిరి చుట్టుపక్కల నుంచి జపాన్ వెళ్ళి తిరిగి వచ్చినవాళ్ళు, వేరే భాషలు నేర్చినవాళ్ళు ఉంటే, ఆదివారం ఒక పూట ఇవ్వండి. బడి గదులు ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. తాళం తీయించడానికి నేను ప్రధానోపాధ్యాయుల్ని అడుగుతాను. నలుగురు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లలు వచ్చినా చాలు. ఇక నాలాంటివాళ్ళకు చెప్పేది, ఏ క్లాసులో చేరినా తప్పు చదివినప్పుడు ఆపి మళ్ళీ చదివించే మనిషి ఉన్నారో లేదో ముందు చూసుకోండి. జపనీస్ ప్రావీణ్య పరీక్ష మన దేశంలో జూలై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. మనకు దగ్గరి కేంద్రం బెంగళూరు. దరఖాస్తులో పుట్టిన తేదీ రాయమంటారు గానీ, వయోపరిమితి లేదు.